రిబ్బన్ కట్టిన నీళ్ళు

మాచర్లలో మా ఆసుపత్రికి ఒక పేరుండేది. డాక్టరు గారి హస్తవాసి ఎంత గొప్పదంటే, రోగి గేటు దాటి వరండా ఎక్కేసరికే సగం జబ్బు తగ్గిపోతుందని. ఊళ్ళో వాళ్ళు ఆ మాట అంటే విని సంతోషపడి ఊరుకోవచ్చు. మా వాళ్ళు దాన్ని ఫ్లెక్సీ కొట్టించి బస్టాండు దగ్గర కట్టించారు. నేను ఆ ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసేదాన్ని. పని మానేసి ఇంట్లో కూర్చున్నాక, ఈ పని కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి, "మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. పోయిన ప్రాణం తిరిగొచ్చిన కథ ఏదో చెబుతానని వాళ్ళ ఆశ. నేను మాత్రం మా హస్తవాసి గుట్టు బయటపడిన రోజు గురించి చెబుతాను.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్న కిరాణా కొట్టు నడుపుతూనే, గల్లాపెట్టె పక్కన చాప వేసి నాకు చదువు చెప్పాడు. బేరం వస్తే పాఠం ఆగేది, బేరం పోతే మళ్ళీ మొదలయ్యేది. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. తర్వాత ఆసుపత్రిలో నా ముందున్న ఆవిడ చెయ్యి పట్టుకుని ఈ పని నేర్పింది. పొద్దున దీపం పెట్టేటప్పుడు నాన్ననీ ఆవిడనీ ఇద్దరినీ తలుచుకుంటాను. ఆ ఇద్దరూ లేకపోతే నేను ఇంకా గల్లాపెట్టె పక్కనే ఉండేదాన్ని.

పని బ్రహ్మవిద్య కాదు. పడుకోబెట్టాలి, చేతులకూ కాళ్ళకూ క్లిప్పులు పెట్టాలి, ఎదురురొమ్ము మీద జెల్లీ రాసి రబ్బరు బుడ్లు అంటించాలి, మీట నొక్కాలి. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి. ఇ.సి.జి. అంటే ఆ కాసేపు గుండె ఎలా ఉందో తీసిన ఫోటో. ఫోటోలో నవ్వినవాడు ఇంటికెళ్ళి ఏడవడని ఎవరు చెప్పగలరు? ఈ మాట మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఒక అమ్మాయి విషయంలో ఏడాది పాటు అందరమూ ఫోటోనే నమ్మాము.

ముందు మా వరండా గురించి చెప్పాలి. వరండా డాక్టరు గారిది కాదు, వాళ్ళమ్మగారిది. ఆవిణ్ణి అందరమూ పెద్దమ్మగారు అనేవాళ్ళం. ఎండాకాలం రెంటచింతల వైపు నుంచి బస్సులో వచ్చిన మనిషిని చూస్తే మీకే తెలుస్తుంది, పెనం మీద నుంచి తీసినట్టు ఉంటారు. ఆవిడ వరండాలో పెద్ద గంగాళం పెట్టించింది. ఏడాది పొడుగునా అందులో ఐసు దిమ్మ వేసేవాళ్ళు. ఆవిడ కట్టడి ఏమిటంటే, ఎవరొచ్చినా సరే, ఎంత తొందరగా ఉన్నా సరే, ముందు ఆ నీళ్ళతో ముఖం బాగా కడుక్కోవాలి, పెద్ద గ్లాసుడు నీళ్ళు గటగటా తాగాలి, ఆ తర్వాతే చీటీ.

"ఎండలో పడొచ్చిన మనిషికి నీళ్ళియ్యకుండా సూదిచ్చేదేం ఆసుపత్రే? కబేళా" అనేది ఆవిడ.

ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉండేవంటే, ముఖం మీద పోసుకోగానే ఊపిరి ఒక్క క్షణం ఆగేది. రోగులు "అమ్మయ్యా" అనేవాళ్ళు. ఆ "అమ్మయ్యా" అన్నది మా డాక్టరు గారి హస్తవాసి ఖాతాలో పడేది.

ఇంక రెండోవాడు మా కాంపౌండరు. అందరం భాయి అని పిలిచేవాళ్ళం. మంచి మనిషి, నమాజు వేళ తప్పేవాడు కాదు, సూది వేస్తే చీమ కుట్టినట్టు ఉండేది. ఆయనకు ఉన్న ఒకే ఒక్క సిద్ధాంతం గ్యాసు. తలనొప్పి గ్యాసు, నడుంనొప్పి గ్యాసు, అల్లుడితో గొడవపడి కళ్ళు తిరిగినా గ్యాసే. "పల్నాడు మిరపకాయ తిని గ్యాసు లేదంటే ఎవరమ్మా నమ్మేది?" అనేవాడు.

ఇలాంటి మా ఆసుపత్రికి రెంటచింతల నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై లోపు వయసు. భర్త నాపరాళ్ళ క్వారీలో పని. ఈమె ఆటో నడుపుతుంది, పిల్లల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని బడికి చేర్చి, మళ్ళీ తెచ్చి దింపుతుంది. మెడలో చిన్న సిలువ, చేతికి గ్రీజు మరక. వచ్చీ రాగానే పెద్దమ్మగారి చేతుల్లో పడింది, ముఖం కడుక్కుంది, నీళ్ళు తాగింది, చీటీ తీసుకుంది, నా గదిలోకి వచ్చింది.

"గుండె దడక్కా" అంది. "ఉన్నట్టుండి మొదలైద్ది. ఎవరో స్విచ్చి వేసినట్టు. లోపల కుక్కర్ విజిలు గిరగిరా తిరిగినట్టు ఉండిద్ది. కళ్ళు చీకట్లు కమ్ముతాయి. బండి పక్కకాపి కూర్చుంటా."

"ఇప్పుడుందా?"

ఆమె రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. సిగ్గుపడింది. "బస్సు దిగేదాకా ఉందక్కా. మీ గేటు కాడ కూడా ఉంది. ఇప్పుడు లేదు."

ఇ.సి.జి. తీశాను. గీతలు బడిలో వరస కట్టిన పిల్లల్లా బుద్ధిగా ఉన్నాయి. డాక్టరు గారు చూసి, రక్తపరీక్షలు రాసి, అవి కూడా బుద్ధిగానే ఉంటే, "ఏం లేదమ్మా, ఆలోచనలు తగ్గించు" అన్నారు. భాయి గ్యాసు బిళ్ళలిచ్చాడు. పెద్దమ్మగారు మురిసిపోయి, "చూశావా, మా వాడి గేటు తొక్కగానే తగ్గిపోయింది" అంది.

ఇలా ఎన్నిసార్లు వచ్చిందో. ప్రతిసారీ బస్సులో దడ, వరండాలో నీళ్ళు, నా గదిలో బుద్ధిమంతురాలైన గుండె. డాక్టరు గారు పట్టించుకోలేదని అనను. ఒకసారి గుంటూరు నుంచి రోజంతా ఒంటికి కట్టుకునే మిషను తెప్పించి కట్టించారు. ఆ రోజంతా ఆమె గుండె పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్లలా తలవంచుకుని ఉంది. మిషను విప్పి పంపిన మర్నాడే దడ వచ్చింది.

మధ్యలో ఆమె మరిది తన చేతి వాచీ పెట్టి చూశాడట. అది గుండె కొట్టుకునేది లెక్కపెట్టే రకం. వదిన ఆటో పక్కన రాయి మీద కూర్చుని చెమటలు కక్కుతుంటే, వాచీ గణగణా మోగి, వ్యాయామం బ్రహ్మాండంగా చేస్తున్నారని మెచ్చుకుందట. ఆ సంగతి ఆమె చెబితే మేమందరం నవ్వాం. భాయి అయితే, "వాచీ ఎంత పెట్టి కొన్నాడమ్మా మీ మరిది? చౌక వాచీలకి గ్యాసు తెలవదు" అన్నాడు. నిజం చెప్పింది ఆ ఏడాదిలో ఆ వాచీ ఒక్కటే. దాన్నీ మేం నవ్వి పంపేశాం.

అక్కడ రెంటచింతలలో ఆమె పని కష్టమైంది. దడ వస్తే ఆమె బండి నడపదు. పక్కకాపి, పిల్లల్ని దింపి నీడన కూర్చోబెట్టి, తగ్గేదాకా ఆగుతుంది. తగ్గకపోతే వేరే ఆటో పిలిచి పంపిస్తుంది. బడికి ఆలస్యం. తల్లులు పోట్లాడేవాళ్ళు. ఆసుపత్రిలో ఏమీ లేదన్నారుగా, మరి ఎందుకాపుతున్నావని.

"కాయితం తెమ్మన్నారక్కా" అని ఒకరోజు వచ్చింది. "నాకేం జబ్బు లేదని డాక్టరు గారు రాసిస్తే, ఆపకుండా నడపాలంట. లేకపోతే పిల్లల్ని మాన్పిస్తారంట."

డాక్టరు గారు రాసిచ్చారు. ఆరోగ్యంగా ఉంది, వాహనం నడపొచ్చు అని. ఆ కాయితం చేతిలో పట్టుకుని ఆమె నా గది గుమ్మంలో నిలబడిపోయింది.

"అందరూ నడపమంటన్నారు. నాకే భయంగా ఉందక్కా. నాకేమన్నా అయితే అయింది. వెనక అంతమంది పిల్లలు. కళ్ళు చీకటి కమ్మినప్పుడు ఎదురుగా లారీ వస్తే?"

"మరి ఏం చేస్తావమ్మా?"

"ఆపుతా. డ్రామా అంటే అనుకోనీ."

మా వీధి చివర గుళ్ళో కూర్చున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చేది నాకు. జబ్బు లేదన్న కాయితం చేతిలో ఉండి కూడా, పిల్లల కోసం ఆ కాయితాన్ని నమ్మని మనిషి. ఆ అమ్మాయిని చూడగలిగినందుకు అమరేశ్వరుడికి దణ్ణం పెట్టుకున్నాను. వచ్చే కార్తీకానికి అమరావతి వస్తానని మొక్కుకున్నాను కూడా. ఆమె పేరు మీద మొక్కానని ఆమెకు చెబితే, "నేను మేరీమాతకి మొక్కుకున్నాలే అక్కా. ఇద్దరూ మాట్లాడుకుని ఏదో ఒకటి చేస్తారు" అని నవ్వింది.

ఇద్దరూ మాట్లాడుకున్నట్టే ఉన్నారు. ఎందుకంటే ఆ వేసవిలో మా ఆసుపత్రికి నాణ్యత పట్టుకుంది.

నాణ్యత అంటే ఏమిటో మీకు తెలుసు, మీరంతా దాంట్లోనే పుట్టారు. మాకప్పుడు కొత్త. మంచి ఆసుపత్రి అని పత్రం ఇచ్చేవాళ్ళు వస్తారట. వాళ్ళొచ్చే ముందు అంతా సర్దిపెట్టడానికి డబ్బు తీసుకుని సలహా చెప్పేవాళ్ళు వచ్చారు. గోడలకు బాణం గుర్తులు అంటించారు. మా గదికి బాణం తప్పుగా వేస్తే మూడు రోజులు కాన్పులకొచ్చిన వాళ్ళు నా దగ్గరికొచ్చారు. పెద్దమ్మగారి గంగాళం చూసి ముక్కు మూసుకున్నంత పని చేశారు. మూత లేదు, ఐసు ఎక్కడిదో తెలియదు, అందరూ ఒకే చోట ముఖాలు కడుగుతున్నారు, తీసెయ్యండి అన్నారు. దాని బదులు వాళ్ళే చెప్పి ఒక చల్లనీళ్ళ మిషను తెప్పించారు. నిలువెత్తుది, నీలం లైటు, రెండు కొళాయిలు.

గంగాళం మేడ మీదికి పోయింది. పెద్దమ్మగారు కూడా అలిగి మేడ మీదే కూర్చుంది.

మిషను వచ్చింది. కరెంటు పెట్టారు, నీళ్ళు చల్లబడ్డాయి. కానీ తాగడానికి లేదు. ప్రారంభోత్సవం చెయ్యాలి. పెద్ద నాయకుడొకాయన్ని పిలిచారు. కొళాయిలకు అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టి, పక్కనే అట్టముక్క మీద రాసి పెట్టారు, ప్రారంభమయ్యే వరకు ముట్టరాదు అని. ఏప్రిల్ నెల. వరండా నిండా జనం. ఎదురుగా చల్లటి నీళ్ళు నీలం లైటులో మెరుస్తూ ఉంటే, అందరూ దాన్ని చూస్తూ నాలుకలు తడుపుకుంటున్నారు. మేనేజరు ఫోను చెవికి పెట్టుకుని, "గురజాల దాటారంట, వచ్చేస్తున్నారు" అని పొద్దుటి నుంచీ అంటూనే ఉన్నాడు.

అదిగో ఆ రోజు వచ్చింది ఆమె.

ఒంటిపూట బడి పిల్లల్ని తీసుకెళ్తుండగా దారిలో మొదలైందట. పిల్లల్ని వేరే ఆటో ఎక్కించి, తను బస్సెక్కి వచ్చింది. ముఖం పాలిపోయింది, పెదాలు ఎండిపోయాయి. వరండా స్తంభం పట్టుకుని, "నీళ్ళక్కా" అంది.

మిషను దగ్గర నిలబెట్టిన వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "రిబ్బన్ ఉందమ్మా."

నా సీసా తీసిచ్చాను. ఆ ఎండకు అందులోని నీళ్ళలో నేరుగా టీ పొడి వేసుకోవచ్చు. ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టాను. క్లిప్పులు పెట్టి మీట నొక్కాను.

కాయితం బయటికొస్తుంటే నాకు అర్థం కాలేదు. దువ్వెన పళ్ళలా గీతలు. ఒకదాన్నొకటి తోసుకుంటూ, సందు లేకుండా, వరస మాత్రం తప్పకుండా. అంతకు ముందు ఆమె గుండె ఇలా రాయడం ఎప్పుడూ చూడలేదు.

భాయి తొంగి చూసి, "మిషను పోయిందమ్మా. ఎర్త్ లేదు. కొత్తగా వైర్లు లాగారుగా" అన్నాడు. నేను క్లిప్పులు తీసి తన చేతికి పెట్టుకోమన్నాను. పెట్టుకున్నాడు. భాయి గుండె నింపాదిగా నడిచింది.

"అయితే ఇది ఈ పిల్లదేనా?" అన్నాడు. మొదటిసారి ఆయన నోటి వెంట గ్యాసు అన్న మాట రాలేదు.

డాక్టరు గారు గేటు దగ్గర, కొత్త చొక్కాలో, దండ పళ్ళెం పక్కన నిలబడి ఉన్నారు. కాయితం చేతికిచ్చాను. చూస్తూ చూస్తూ ఆయన ముఖం మారింది. దండ వదిలేసి, దాదాపు పరుగున వచ్చారు. నాడి చూశారు, బి.పి. చూశారు.

"అమ్మా, నువ్వు ఏడాదిగా చెప్పింది ఇదేనా?"

"ఇదే సార్" అంది ఆమె, ఊపిరి అందక. "మీ వరండా ఎక్కినాక ఆగిపోయేది. ఇవాళ ఆగలా."

ముక్కు మూసి, నోరు మూసి, కాన్పు నొప్పులు పడ్డట్టు బలంగా ముక్కమన్నారు. ముక్కింది. గీతలు మారలేదు. వెయ్యాల్సిన ఇంజెక్షను మా దగ్గర లేదు, గుంటూరు నుంచి రావాలి. బి.పి. దిగుతోంది. డాక్టరు గారు తల తిప్పి, "చల్లటి నీళ్ళు తెండి. బాగా చల్లటివి. ముఖం ముంచాలి" అన్నారు.

అందరమూ ఒక్కసారి వరండా వైపు చూశాం.

మేనేజరు నసిగాడు. "సార్, ఆయన రెంటచింతల కూడా దాటారు సార్. ఒక్క పది నిమిషాలు... ఫోటోగ్రాఫరు కూడా..."

డాక్టరు గారు నోరు తెరిచేలోపే మెట్ల మీద నుంచి గొంతు వినపడింది. పెద్దమ్మగారు. అలక మాని ఎప్పుడు దిగిందో తెలియదు.

"ఒరేయ్, ఆయనొచ్చి రిబ్బన్ కత్తిరించేదాకా ఈ పిల్ల గుండె కాసుక్కూర్చుంటదా? ఏమే, నీ కత్తెర తే."

నేను ఇ.సి.జి. కాయితాలు కత్తిరించే కత్తెర ఇచ్చాను. ఆవిడ నాలుగు అడుగులేసి, వాచ్‌మన్ని పక్కకు తోసి, కచక్కున కోసింది. చప్పట్లు కొట్టడానికి తెప్పించిన వాళ్ళు అలవాటు కొద్దీ కొట్టారు.

బేసిన్ నిండా నీళ్ళు పట్టాం. ఆమెను లేపి కూర్చోబెట్టాం. క్లిప్పులు ఊడకుండా నేను పట్టుకున్నాను, మిషను ఆపలేదు. డాక్టరు గారు ఒక చెయ్యి నాడి మీద, ఒక చెయ్యి తల వెనక పెట్టి, "ఊపిరి బిగబట్టి ముఖం ముంచమ్మా" అన్నారు. ఇది మీరు ఇంట్లో ఎవరి మీదా చేసే వైద్యం కాదు, అది కూడా చెబుతున్నాను. డాక్టరు చెయ్యి నాడి మీద ఉండగా చేసే పని.

ముఖం ముంచింది. దువ్వెన పళ్ళు అలాగే వస్తున్నాయి, వస్తున్నాయి. ఉన్నట్టుండి గీత చదునైపోయింది.

ఆ చదును ఎంతసేపుందో నాకు తెలియదు. రెప్పపాటే అయి ఉంటుంది. నా నోట్లో అమరేశ్వరుడి పేరు సగంలో ఉండిపోయింది. భాయి "యా అల్లా" అనడం వినపడింది. అంతలో ఒక గీత లేచింది. తర్వాత సందు. తర్వాత ఇంకొకటి. మళ్ళీ బడి పిల్లల వరస.

ఆమె ముఖం పైకెత్తి, నీళ్ళు కారుతుండగా, "అమ్మయ్యా" అంది.

డాక్టరు గారు కాయితం అందుకుని మొదటి నుంచి చివరి దాకా చూశారు. బేసిన్ వైపు చూశారు. వాళ్ళమ్మ వైపు చూశారు. నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు.

"అమ్మా" అన్నారు. "ఈ అమ్మాయి దడతో వచ్చిన ప్రతిసారీ నువ్వు ఐసు నీళ్ళతో ముఖం కడిగించావు. ఆ దెబ్బకి జబ్బు ఆగిపోయేది. ఆగిపోయాక మేం ఫోటో తీసి, జబ్బే లేదని చెప్పాం. ఏడాదిగా ఈ పిల్లకి వైద్యం చేసింది నువ్వు."

పెద్దమ్మగారు కత్తెర నా చేతిలో పెట్టింది. "అయితే ఫీజు నువ్వెందుకు తీసుకున్నావురా?"

భాయి గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. డాక్టరు గారు నవ్వలేదు. ఆ అమ్మాయికి చేతులు జోడించి, "తప్పు మాదమ్మా. నువ్వు చెప్పింది నిజం" అన్నారు. అంతమంది ముందు ఆ మాట అనగలిగినందుకు, నేను ఆయన దగ్గర పనిచేశానని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను.

ఆ తర్వాత నాయకుడు వచ్చాడు. తెగిన రిబ్బన్‌ని భాయి ప్లాస్టరు వేసి అతికించాడు. ఆయన మళ్ళీ కత్తిరించాడు. ప్లాస్టరు దగ్గర కత్తెర తెగక కాస్త అవస్థ పడ్డాడు. మొదటి గ్లాసు ఒక పేద రోగికి ఇస్తున్నట్టు ఫోటో కావాలంటే, అప్పటికే కడుపు నిండా నీళ్ళు తాగి తేరుకున్న మన అమ్మాయిని నిలబెట్టారు. "ఇంక తాగలేనక్కా" అని నా వైపు చూస్తూ తాగింది.

జబ్బు ఏమిటో డాక్టరు గారు ఆమెకు ఆ సాయంత్రమే చెప్పారు. గుండె కొట్టుకోవడానికి లోపల కరెంటు ఒక దారిలో నడుస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఇంకో సన్న తీగ ఎక్కువగా ఉంటుంది. ఎప్పుడన్నా కరెంటు ఆ తీగలోకి దూరిందంటే, ఒక దారిలో పోయి ఇంకో దారిలో వెనక్కొచ్చి గుండ్రంగా తిరుగుతుంది, గుండె పరుగెత్తుతుంది.

"దొంగ కనెక్షనా సార్? పుట్టుకతోనా?" అంది ఆమె. "మరి ఏడాది నుంచేగా?"

"తీగ ఎప్పుడూ ఉంది. వాడకం ఇప్పుడు మొదలైంది."

గుంటూరులో తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి ఆ తీగను కాల్చేస్తారని, ఆరోగ్య కార్డు మీద చేయిస్తానని చెప్పారు. గుండెలో కాల్చడం అనగానే, కబురంది క్వారీ నుంచి వచ్చిన ఆమె భర్త లేచి నిలబడ్డాడు. ఆమె కూర్చునే ఉంది. "కాలిస్తే ఇంక బండి ఆపక్కర్లేదా?" అని ఒక్కటే అడిగింది.

గుంటూరు నుంచి వచ్చాక నేరుగా నా దగ్గరికే వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "అక్కా, అక్కడ వాళ్ళు ముందు కావాలని తెప్పించారు దడ! మెలకువగానే ఉన్నా నేను. ఇదేనా, ఇదేనా అని అడిగారు. ఇదే అన్నా. కాల్చారు. మళ్ళీ తెప్పించాలని చానా చూశారు, రాలా. నన్ను డ్రామా అన్నోళ్ళందరినీ ఆ గదిలో వరసగా కూర్చోబెడితే బాగుండు."

ఇక్కడితో కథ అయిపోవాలి. మన జనం కదా, అవనిస్తారా?

ఏడాది పాటు, లోపల గుండె గుర్రంలా పరుగెడుతున్నప్పుడు, నీకేం లేదు నడుపు అన్నారు. ఇప్పుడు జబ్బు పోయి, నిక్షేపంగా ఉన్నప్పుడు, గుండె ఆపరేషనైన మనిషి ఆటోలో పిల్లల్నెట్లా పంపుతాం అన్నారు. డాక్టరు గారు మళ్ళీ కాయితం రాసిచ్చారు. కిందటిసారి కూడా ఇట్లాగే రాశాడుగా అని తల్లులు. బళ్ళు తెరిచే రోజుకి పిల్లలందరినీ వేరే ఆటోకి కుదిర్చారు. ఆ ఆటో ఆయన ఫోను మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని నడుపుతాడు. ఆయన గుండె సంగతి ఎవరూ అడగలేదు.

"ఒకసారి మా ఊరు రా అక్కా. ఇ.సి.జి. తీసేదానివి, నువ్వు చెబితే ఇంటారేమో" అని ఫోను చేసింది. పెద్దమ్మగారు నాకు సెలవిప్పించింది. బళ్ళు తెరిచిన రోజు పొద్దున్నే బస్సెక్కి రెంటచింతలలో దిగాను. జూన్ నెలలో కూడా ఆ ఊరి ఎండ పొద్దున్నే పనిలోకి దిగుతుంది.

ఆటో కడిగి, ముందు అద్దానికి మేరీమాత బొమ్మ, మల్లెపూలు పెట్టింది. వెనక ఒక్కళ్ళు కూడా లేరు, ఆమె సొంత కొడుకు తప్ప. వీధి మొదట్లో మొదటి ఇంటి ముందు ఆపి, హారన్ కొట్టింది. ఎప్పటి అలవాటే. ఇద్దరు పిల్లలు పుస్తకాల సంచులతో అరుగు మీద కూర్చున్నారు. వాళ్ళ నాయనమ్మ తలుపులో నిలబడింది. ఆటో అమ్మాయి నా చెవిలో చెప్పింది, "మొదట డ్రామా అన్నది ఈవిడే."

నేను దిగాను. దణ్ణం పెట్టి, ఫలానా అని చెప్పి, నేనే ఇ.సి.జి. తీశానని, ఇప్పుడు బాగుందని నాకు చేతనైనంత చెప్పాను. కరెంటు గురించీ, తీగ గురించీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"అయిందా?" అంది.

"అయిందండీ."

"నువ్వు మిషనులో చూశావు. నేను చూళ్ళా." అని కొంగు బిగించి, కర్ర గోడకానించి, వచ్చి ముందు సీట్లో, డ్రైవరు పక్కన సర్దుకుని కూర్చుంది. కూర్చుని ఆ అమ్మాయి ఎడమ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఏంది మామ్మా ఇది?"

"నాడి. మా నాయన పసరు వైద్యం చేసేవోడు. పోనీ."

"చెయ్యి వదులు మామ్మా, గేరు మార్చాలి."

"మార్చుకో. నేను పట్టుకునే ఉంటా."

నేను వెనక కూర్చున్నాను. ఆటో కదిలింది. గేరు మారినప్పుడల్లా ఆ ముసలి చెయ్యి కూడా దాంతో పాటు తిరిగింది. కొంత దూరం పోయి, మళ్ళీ వెనక్కి తిప్పించింది. ఒక గుంట మీదికి కావాలనే నడిపించింది. తన ఇంటి ముందుకొచ్చాక ఆటోలోంచే కేకేసింది.

"బానే కొట్టుకుంటంది! ఎక్కండిరా!"

ఇద్దరు పిల్లలూ దూకి ఎక్కారు. అక్కడి నుంచి ప్రతి ఇంటి ముందూ ఆటో ఆగింది. ప్రతి ఇంటి ముందూ ఆవిడ చెయ్యి వదలకుండానే, "బానే కొట్టుకుంటంది, ఎక్కించండే!" అని అరిచింది. ఒక తల్లి గుమ్మంలో తటపటాయించింది. "నిజంగానా మామ్మా? కాయితంలో కూడా అట్టాగే రాశారంట."

"కాయితం సంగతి నాకు తెలవదు. నీ చెయ్యి ఇట్టా తే, నీది కూడా చూస్తా. వీధి మొత్తానికి చెబుతా."

ఆ తల్లి పిల్లని గబగబా ఎక్కించేసి లోపలికి పోయింది. ఇన్నేళ్ళలో నేను తీసిన కాయితాలు డాక్టర్లు చూశారు, గుంటూరు పెద్ద డాక్టర్లు చూశారు. ఒక్కదాన్నీ జనం అంత తొందరగా నమ్మలేదు.

బడి గేటు దగ్గర ఆటో ఆగేసరికి నా ఒళ్ళో ఇద్దరు పిల్లలు, కాళ్ళ దగ్గర ముగ్గురు. అందరూ దిగి పరుగెత్తారు. నాయనమ్మ చెయ్యి వదిలింది. ఆ అమ్మాయి మణికట్టు రుద్దుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వింది.

"నిన్ను ఇంటి కాడ దింపుతా పద మామ్మా."

"పద. రేపు కూడా వస్తా."

"ఇంకా నమ్మకం కుదర్లా?"

"నమ్మకానికేముందే" అంది ఆవిడ, కొంగుతో మెడ తుడుచుకుంటూ. "ముందు సీట్లో గాలి బాగుంది."